ఆటగాడి కాలికి రంగు టేపు



సంక్రాంతికి కోస్తా పల్లెల్లో కబడ్డీ పోటీలు ఎంత సందడిగా జరుగుతాయో మీకు తెలియనిది కాదు. హైస్కూలు మైదానంలోనో, కోతలైన పొలంలోనో బరి గీస్తారు. పొద్దుగూకేసరికి ఫ్లడ్‌లైట్లు వెలుగుతాయి. మైకులో వ్యాఖ్యానం మోగుతుంటుంది, చుట్టూ జనం గుమిగూడతారు. ఒక సంక్రాంతికి అలాంటి పోటీల దగ్గర దెబ్బలు తగిలినవాళ్లను చూడమని నన్ను పిలిచారు. నేను ఫిజియోథెరపిస్టును. ఆటలాడే పిల్లల కాళ్లూ మోకాళ్లూ చూడటమే నా పని.

బరి పక్కన ఒక కుర్రాడు తన వంతు కోసం నిలబడి ఉన్నాడు. రెండు పిక్కల మీదా నీలం రంగు టేపు. మడమ దగ్గర ఒకటిగా మొదలై, పిక్క మీద రెండు పాయలుగా చీలి, మోకాలి కింద దాకా ఉంది.

"ఏం తమ్ముడూ, పిక్క పట్టేసిందా?" అని అడిగాను.

"లేదు సార్. ఏమీ కాలేదు. ఏమీ కాకుండా ఉంటుందని వేసుకున్నా."

"ఎవరు వేశారు?"

"నేనే సార్. ఫోన్లో చూసి వేసుకున్నా."

"మరి ఆటకు ముందు ఒళ్లు వేడెక్కడానికి ఏం చేశావు?"

"రెండు రౌండ్లు పరిగెత్తా సార్."

ఆ రాత్రి ఆ కుర్రాడికి ఏ దెబ్బా తగల్లేదు. టేపు వల్లే తగల్లేదని అతను నమ్మాడు. మర్నాడు సాయంత్రం అతని జట్టంతా నీలం టేపులతో బరిలోకి దిగింది.

"ఏమీ కాకుండా ఉంటుంది" అన్న ఆ నమ్మకం గురించే ఈవేళ మాట్లాడుకుందాం. అందులో నిజమెంత, ఆటగాడి కాలిని నిజంగా కాపాడేదేమిటి, ఈ రెండు సంగతులూ చూద్దాం.

ముందు ఈ టేపులు ఎన్ని రకాలో తెలుసుకోవాలి. మైదానంలో కనిపించేవి ముఖ్యంగా నాలుగు. ఒకటి క్రేప్ బ్యాండేజీ. ఇది చాలా ఇళ్లలో ఉంటుంది. సాగే గుడ్డ, చివర చిన్న క్లిప్పులు, జిగురు ఉండదు. దెబ్బ తగిలాక వాపు పెరగకుండా చుట్టడానికి పనికొస్తుంది. రెండోది తెల్లని గట్టి టేపు, జింక్ ఆక్సైడ్ టేపు అంటారు. ఏమాత్రం సాగదు, చేత్తో అడ్డంగా చింపుకోవచ్చు. కీలు వంగకూడని వైపు వంగకుండా పట్టి ఉంచడం దీని పని. మూడోది జిగురున్న సాగే పట్టీ. దళసరిగా ఉంటుంది, తొడకూ పిక్కకూ చుట్టి కండరాన్ని నొక్కి ఉంచుతుంది. నాలుగోది మన కుర్రాడు వేసుకున్న రంగు టేపు. దీన్ని కినీషియో టేపు అంటారు.

ఈ రంగు టేపు పుట్టింది జపాన్‌లో. కెంజో కాసే అనే కైరోప్రాక్టిక్ వైద్యుడు 1970లలో దీన్ని తయారుచేశాడు. గట్టి టేపు కదలికను బిగించేస్తుంది, చర్మాన్ని ఇబ్బంది పెడుతుంది. కదలనిస్తూనే ఊతమిచ్చే టేపు కావాలన్నది ఆయన ఆలోచన. పలచని నూలు గుడ్డ తీసుకుని, వెనుక అక్రిలిక్ జిగురును అలలు అలలుగా పూశారు. ఒంటి వేడికి ఆ జిగురు బాగా పట్టుకుంటుంది. ఈ టేపు పొడవు వైపే సాగుతుంది. మీటరు ముక్కను లాగితే మీటరూ నలభై సెంటీమీటర్ల దాకా వస్తుంది. చెమటకు ఊడదు, మూడు నాలుగు రోజులు అలాగే ఉంటుంది. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కు 58 దేశాల జట్లకు ఈ టేపును ఉచితంగా పంచారు. అమెరికా బీచ్ వాలీబాల్ క్రీడాకారిణి కెరీ వాల్ష్ భుజం మీద నల్లటి టేపు సాలెగూడులా అతికించుకుని ఆడింది, స్వర్ణం గెలిచింది. టీవీలో ప్రపంచమంతా చూసింది. అక్కడి నుంచి ఈ రంగులు ప్రతి మైదానానికీ చేరాయి.

ఈ టేపు చర్మాన్ని కొంచెం పైకి లేపుతుందని, కింద రక్తం బాగా ఆడుతుందని, కండరానికి బలం వస్తుందని చెబుతారు. చెప్పడానికి బాగానే ఉంది. మరి పరీక్షలో నిలిచిందా?

ఒక వస్తువు నిజంగా పనిచేస్తోందో, మన నమ్మకమే పనిచేస్తోందో తేలాలంటే, వేసుకున్నవాడికి అదేమిటో తెలియకూడదు. హాంకాంగ్‌లో అలాంటి పరీక్ష ఒకటి చేసి 2015లో ఫలితాలు ప్రకటించారు. ఈ టేపు గురించి ఏమీ తెలియని 30 మందిని పిలిచారు. కండరాన్ని కొలిచే సెన్సర్లు అతికిస్తున్నామని చెప్పి, తొడ ముందు భాగంలో టేపు వేశారు. ఒకసారి పద్ధతి ప్రకారం సాగదీసి వేశారు. ఒకసారి ఉత్తుత్తిగా అతికించారు. ఒకసారి అసలు వేయలేదు. మూడుసార్లూ మోకాలి బలం కొలిస్తే తేడా ఏమీ కనబడలేదు. అంతకుముందు ఏడాది వెలువడిన బ్రెజిల్ పరీక్షలో 148 మంది నడుము నొప్పి రోగులను రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి చర్మం ముడతలు పడేలా సాగదీసి టేపు వేశారు. రెండో వర్గానికి సాగదీయకుండా వేశారు. రెండు వర్గాలకూ నొప్పి తగ్గింది, అదీ ఒకే మాదిరిగా తగ్గింది. చర్మం లేవడం వల్లే మేలు జరుగుతుందన్న మాట అక్కడ నిలబడలేదు.

అమెరికాలో ఇలాంటి టేపు అమ్మే ఒక కంపెనీ మీద వినియోగదారులు కోర్టుకు వెళ్లారు. గాయాలు రాకుండా ఆపుతుందని, నొప్పి పోగొడుతుందని రుజువు లేకుండా చెప్పి అమ్మారన్నది వాళ్ల ఫిర్యాదు. కంపెనీ 17 లక్షల 50 వేల డాలర్లు చెల్లించి రాజీకి వచ్చింది. అన్ని గాయాలకూ వైద్యపరంగా రుజువు కాలేదన్న మాటను పెట్టె మీద అచ్చువేయడానికి ఒప్పుకుంది. మన ఊళ్లో టేపు కొనే కుర్రాడికి ఆ మాట ఎవరూ చదివి వినిపించరు. అందుకే ఈవేళ రేడియోలో చెబుతున్నాను.

అలాగని రంగు టేపు దండగ అని నేను అనడం లేదు. నా పెట్టెలోనూ ఒక చుట్ట ఉంటుంది. మోకాలి చిప్ప చుట్టూ నొప్పిగా ఉన్న కొందరికి ఈ టేపు వేస్తే కాసేపు ఉపశమనం కలుగుతుంది. నొప్పిగా ఉన్న చోట చెయ్యి వేసి నిమిరితే నొప్పి కాస్త సద్దుమణగడం మనకు అనుభవమే. చర్మం మీద టేపు తగులుతుంటే అలాంటి ఊరటే కలుగుతుంది. ఆ ఊరట దొరికిన సమయంలో వ్యాయామం చేయించగలిగితే అది గొప్ప సాయం. అంతవరకే దాని పని. పిక్క చిరగకుండా, తొడ పట్టేయకుండా, లిగమెంటు తెగకుండా ఆపే శక్తి ఆ పలచని గుడ్డకు లేదు. మనిషి బరువంతా ఒంటికాలి మీద పడి మెలి తిరిగినప్పుడు ఆ గుడ్డ కూడా కాలితోపాటే సాగిపోతుంది.

ఇక తెల్లని గట్టి టేపు సంగతి వేరు. దీనికి రుజువులున్నాయి, కానీ ఒకే చోట. ఆ చోటు చీలమండ.

చీలమండ బెణకడం ఎలా జరుగుతుందో ఒక్కసారి ఊహించుకోండి. వాలీబాల్ ఆటగాడు వల దగ్గర ఎగిరి స్మాష్ కొట్టి కిందికి దిగుతాడు. కాలు నేల మీద కాకుండా పక్కవాడి బూటు మీద పడుతుంది. పాదం లోపలికి మడత పడుతుంది. చీలమండ బయటి వైపు ఎముక గుబ్బగా ఉంటుంది కదా, దాన్ని పాదానికి కట్టి ఉంచే తాళ్లలాంటివి మూడున్నాయి. వాటినే లిగమెంట్లు అంటాం. పాదం మడత పడినప్పుడు ముందుగా దెబ్బ తినేది ముందువైపు ఉన్న తాడు. ఇదంతా రెప్పపాటు కంటే తక్కువ సమయంలో అయిపోతుంది. కండరం మేలుకొని పాదాన్ని వెనక్కి లాగేలోపే తాడు సాగిపోతుంది. కబడ్డీలోనైతే చీలమండ పట్టి లాగడమే ఒక ఎత్తు. కూతకు వచ్చినవాడి పాదాన్ని ఒకడు రెండు చేతులా బిగించి పట్టుకుంటాడు, వాడు ఒళ్లంతా గీతవైపు విసురుతాడు. ఆ లాగులాటంతా ఒక్క కీలు మీద పడుతుంది.

ఒకసారి బెణికిన చీలమండ మళ్లీ బెణుకుతుంది. ఇది మైదానంలో అందరికీ తెలిసిన సంగతే, పరిశోధనలు కూడా ఇదే తేల్చాయి. అలా ముందే బెణికిన కాలికి గట్టి టేపు గానీ, లేసులతో బిగించే చీలమండ పట్టీ గానీ వేస్తే మళ్లీ బెణకడం బాగా తగ్గుతుంది. అమెరికాలో 1460 మంది హైస్కూలు బాస్కెట్‌బాల్ పిల్లల మీద చేసి 2011లో ప్రకటించిన పరిశీలనలో, లేసు పట్టీ వేసుకున్నవాళ్లకు చీలమండ దెబ్బలు మూడో వంతుకు తగ్గాయి. అయితే ఆ పరిశీలనే ఇంకో సంగతి కూడా చెప్పింది. పట్టీ వేసుకున్నా దెబ్బ తగిలినవాళ్లలో దాని తీవ్రత ఏమీ తగ్గలేదు. మోకాలి గాయాలూ తగ్గలేదు. ఒక కీలుకు కట్టిన కట్టు ఆ కీలుకే కాపలా.

టేపు వేయడం ఎలా ఉంటుందో చెబుతాను, వింటే అదెందుకు పనిచేస్తుందో మీకే అర్థమవుతుంది. ఆటగాణ్ణి బల్ల అంచున కూర్చోబెట్టి కాలు చాపమంటాను. కాలి వేళ్లు ఆకాశం వైపు చూడాలి, పాదం పిక్కకు నిట్టనిలువుగా ఉండాలి. చర్మం పొడిగా ఉండాలి, వెంట్రుకలు ఉంటే కత్తిరించాలి. మడమ వెనుక, పాదం ముందు మడత దగ్గర ఒరుసుకోకుండా దూది మెత్తలు పెడతాను. పిక్క కండ సన్నబడే చోట ఒక చుట్టు, పాదం మధ్యలో ఒక చుట్టు. ఈ రెండూ పునాదులు. అసలు పట్టీ తర్వాత వస్తుంది. కాలి లోపలి వైపు పై పునాది దగ్గర మొదలుపెట్టి, కిందికి దించి, మడమ కింద నుంచి తిప్పి, బయటి వైపుకు పైకి లాగి అతికిస్తాను. గుర్రం మీద కూర్చున్నవాడి పాదం కింద రికాబు ఉన్నట్టు, మడమ కింద ఆ పట్టీ ఉంటుంది. లోపలి నుంచి బయటికే లాగాలి. అటు నుంచి ఇటు లాగితే పాదాన్ని మనమే బెణుకు వైపు తోసినట్టవుతుంది. సగం సగం ఒకదాని మీద ఒకటి వచ్చేలా ఇలాంటివి మూడు వేసి, మడమను రెండు వైపులా బిగించి, పైన ఎనిమిది అంకెలా తిప్పుతాను. చివరగా బొటనవేలి గోరు నొక్కి వదులుతాను. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. పడకపోతే కట్టు బిగిసిందన్నమాట, విప్పేసి మళ్లీ వేయాల్సిందే.

ఇంత కష్టపడి వేసినా టేపు ఆటంతా ఒకేలా పట్టి ఉండదు. 1962లోనే అమెరికాలో కొలిచి చూశారు. పది నిమిషాల గట్టి వ్యాయామం తర్వాత కట్టు బలం దాదాపు 40 శాతం తగ్గిపోయింది. మన వేసవి చెమటలో ఎలా ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు. అయినా కొంత కాపాడుతుంది. పాదం ఎటు వాలుతోందో చర్మం మీది లాగుడు మెదడుకు గుర్తు చేస్తూ ఉంటుంది కాబట్టి కొంత మేలు జరుగుతుందని నిపుణుల అభిప్రాయం.

శ్రోతలారా, ఇక అసలు సంగతికి వద్దాం. టేపు కాకపోతే మరేది కాపాడుతుంది?

2007లో నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్లను తీసుకున్నారు. మొత్తం 1892 మంది. సగం జట్లు మామూలుగా ఆడాయి. మిగతా జట్ల చేత ప్రతి సాధనకు ముందు 20 నిమిషాలు ఒక క్రమంలో వ్యాయామాలు చేయించారు. అందులో ఉన్నవి 15 వ్యాయామాలు. మెల్లగా పరుగు, పక్కలకు అడుగులు, ఒంటికాలి మీద నిలబడటం, మోచేతుల మీద ఒంటిని నిలపడం, ఎగిరి మెత్తగా దిగడం, చివర వేగంగా పరుగు. పరికరాలేమీ అక్కర్లేదు, ఒక బంతి ఉంటే చాలు. ఆ సీజను అయ్యేసరికి వ్యాయామం చేసిన పిల్లల్లో మొత్తం గాయాలు మూడో వంతు తక్కువ, తీవ్రమైన గాయాలైతే దాదాపు సగం తక్కువ. మొత్తం గాయాల విషయంలో ఏ టేపుకూ ఇలాంటి ఫలితం రాలేదు.

ఇంకొకటి తొడ వెనుక కండరం. పరుగు పందేల్లో, క్రికెట్‌లో, ఫుట్‌బాల్‌లో ఆటగాడు ఉన్నట్టుండి తొడ వెనుక పట్టుకుని కూలబడిపోవడం మీరు చూసే ఉంటారు. "ఎవరో వెనుక నుంచి రాయి విసిరినట్టనిపించింది" అంటారు వాళ్లు. ఆ కండరానికి ఒక వ్యాయామం ఉంది. మెత్తటి చోట మోకాళ్ల మీద నిలబడాలి. తోటి ఆటగాడు వెనుక కూర్చుని రెండు చీలమండలనూ నేలకు అదిమి పట్టుకోవాలి. నడుము వంచకుండా, తల నుంచి మోకాలి దాకా ఒకే కర్రలా, వీలైనంత మెల్లగా ముందుకు వాలాలి. ఇక ఆపలేనన్నప్పుడు చేతులు నేలకు ఆనించాలి. తొడ వెనుక కండరం సాగుతూనే బిగిసి బరువును మోస్తుంది. పరుగులో అది తెగేది సరిగ్గా అలా సాగుతూ బిగిసినప్పుడే కదా, అందుకే ఈ సాధన దానికి సరిపోయింది. డెన్మార్క్‌లో 942 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద దీన్ని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. మామూలుగా ఆడినవాళ్లలో 52 గాయాలయ్యాయి. ఈ వ్యాయామం చేసినవాళ్లలో 15 మాత్రమే. మొదటి వారం ఒళ్లు నొప్పులు పుడతాయి. ఒక పూట రెండు సెట్లు, సెట్టుకు ఐదేసి చొప్పున మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకోవాలి.

చీలమండ కోసం ఇంటి దగ్గరే చేసుకోగల సాధన ఒకటుంది. పొద్దున్నే పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి. కుడి కాలు అర నిమిషం, ఎడమ కాలు అర నిమిషం. అలవాటయ్యాక కళ్లు మూసుకుని నిలబడండి. చీలమండ దగ్గర చిన్న చిన్న కండరాలు అటూ ఇటూ సర్దుకోవడం మీకే తెలుస్తుంది. బెణికిన కాలు మళ్లీ బెణకడానికి ఒక కారణం, ఆ సర్దుబాటు మందగించడమే. టేపు అయితే చెమటకు వదులవుతుంది గానీ, ఇలా నేర్చుకున్న నిలకడ చివరి నిమిషం దాకా తోడుంటుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. మోకాలి మధ్యలో ఏసీఎల్ అనే లిగమెంటు ఉంటుంది. ఒకే ఆట ఆడే అబ్బాయిల కన్నా అమ్మాయిలకు అది తెగే ప్రమాదం కనీసం రెండు రెట్లు ఎక్కువ. చాలాసార్లు ఎవరూ తగలకుండానే తెగుతుంది. ఎగిరి దిగేటప్పుడు, పరిగెత్తుతూ ఒక్కసారిగా దిశ మార్చేటప్పుడు మోకాలు లోపలికి వాలిపోవడమే దానికి ముఖ్యమైన దారి. మీ అమ్మాయి మెట్టు మీద నుంచి దూకినప్పుడు ముందు నిలబడి చూడండి. మోకాళ్లు రెండూ ఒకదానివైపు ఒకటి వాలుతుంటే, ఎలా దిగాలో నేర్పించాల్సిన సమయం వచ్చిందని గుర్తు. ఇది నేర్చుకోదగిన విద్యే.

కాలి గాయం ఎంత కాలం తినేస్తుందో మన తెలుగు క్రీడాకారుల జీవితాలే చెబుతాయి. పుల్లెల గోపీచంద్ 1994లో పుణెలో జరిగిన జాతీయ క్రీడల్లో మోకాలి లిగమెంటు తెగి పడిపోయారు. ఆ తర్వాత శస్త్రచికిత్సలు, మళ్లీ నడక, మళ్లీ పరుగు. ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచింది 2001 మార్చిలో. మధ్యలో గడిచినవి ఏడేళ్లు. ఆసియా హర్డిల్స్ ఛాంపియన్‌గా నిలిచిన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజికి 2025లో సాధనలో మోకాలికి గాయమై శస్త్రచికిత్స చేయించుకోవాల్సి వచ్చింది. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల బ్యాడ్మింటన్ ఫైనల్లో పి.వి. సింధు ఎడమ చీలమండకు కట్టుతో ఆడి స్వర్ణం గెలిచింది. ఆ కట్టును చూసి మనమంతా ఆమె పట్టుదలను మెచ్చుకున్నాం, మెచ్చుకోవలసిందే. కానీ తర్వాత జరిగింది కూడా గుర్తుంచుకోవాలి. ఆ కాలిలో ఒత్తిడికి ఎముక చిట్లిందని పరీక్షల్లో తేలింది. అదే నెలలో టోక్యోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు ఆమె వెళ్లలేదు. మళ్లీ పోటీలోకి దిగింది 2023 జనవరిలోనే. ఆమె వెనుక వైద్యులున్నారు, స్కానింగులున్నాయి, ఐదు నెలలు ఆగగల వీలుంది. మన మండల స్థాయి పోటీల్లో ఆడే పిల్లకు ఇవేవీ లేవు. కట్టు మాత్రమే ఉంటుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట ఒక అమ్మాయి వచ్చింది. పదో తరగతి, దూరపు పరుగులు పరిగెత్తేది. మోకాలి కింద ముందు ఎముక మీద ఒకచోట వేలితో చూపించి, "ఇక్కడ నొప్పి సార్, రాత్రి పడుకున్నా తగ్గడం లేదు" అంది. రెండు రోజుల్లో రాష్ట్ర స్థాయి పోటీలున్నాయి. "ఎలాగైనా పరిగెత్తాలి సార్" అని బతిమాలింది. నేను టేపు వేసి పంపించాను. నొప్పి కాస్త తగ్గింది, పరిగెత్తింది, పతకం కూడా తెచ్చుకుంది. వారం తర్వాత కుంటుతూ వచ్చింది. ఎముక చిట్లింది. మూడు నెలలు పరుగు లేదు, ఆ ఏడాది మిగతా పోటీలన్నీ పోయాయి. ఆ టేపు వేసింది నా చేతులే. ఆమె చూపించిన చోటును నేను వేలితో నొక్కి చూసి ఉంటే, ఒక్క స్కానింగు తీయించి ఉంటే సరిపోయేది. రాత్రి విశ్రాంతిలోనూ తగ్గని నొప్పికి, వేలితో గురి చూసి చూపించగల నొప్పికి టేపు వేసి ఆడించకూడదని నేను అలా నేర్చుకున్నాను. ఆ పాఠానికి మూల్యం చెల్లించింది మాత్రం ఆ అమ్మాయి.

నొప్పి అంటే ఒళ్లు మనకు పంపే కబురు. నొప్పి తెలియకుండా స్ప్రే కొట్టి, టేపు బిగించి, మాత్ర మింగించి బరిలోకి తోస్తే ఆ కబురు మనకు అందకుండా చేసినట్టే.

ఇక దెబ్బ తగిలాక ఏం చేయాలో కూడా చూద్దాం. మన ఇళ్లలో కాలు బెణికితే సున్నం బెల్లం పట్టు వేస్తారు, చింతపండు ఉప్పు ఉడికించి పూస్తారు, వేడి నూనెతో గట్టిగా తోముతారు, కాలు లాగి "బెణుకు దించుతారు". పట్టు వేసినందువల్ల పెద్ద ప్రమాదం లేదు, చర్మం పొక్కకుండా చూసుకుంటే చాలు. తోమడం, లాగడం మాత్రం మొదటి రెండు మూడు రోజులు వద్దే వద్దు. తెగిన తాడును ఇంకా తెంచినట్టవుతుంది. ఆట ఆపాలి. కాలు దిండు మీద ఎత్తి పెట్టాలి. క్రేప్ బ్యాండేజీని వేళ్ల వైపు నుంచి పైకి చుట్టాలి. నొప్పికి గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టవచ్చు. నొప్పి ఓర్చుకోగలిగినంత మేర రెండో రోజు నుంచే పాదం మెల్లగా కదపాలి. నెలల తరబడి కదపకుండా ఉంచితే కీలు బిగుసుకుపోతుంది.

బెణుకా, ఎముక విరిగిందా అని ఎలా తెలుస్తుంది? దీనికి 1992లో కెనడాలోని ఒటావా వైద్యులు తేలికైన గుర్తులు చెప్పారు. చీలమండ రెండు పక్కలా ఉన్న ఎముక గుబ్బల చివరన గానీ, వెనుక అంచున గానీ నొక్కితే నొప్పి ఉందా? పాదం బయటి అంచులో, చిటికెన వేలి ఎముక మొదట్లో నొక్కితే నొప్పి ఉందా? పాదం లోపలి అంచున, మధ్యభాగంలోని ఎముక నొక్కితే నొప్పి ఉందా? దెబ్బ తగిలినప్పుడూ ఇప్పుడూ నాలుగు అడుగులు కూడా వేయలేకపోతున్నారా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. విరిగిన ఎముకలకు కట్టే పుత్తూరు కట్టు మీద మన జనానికి ఉన్న నమ్మకం నాకు తెలుసు, దాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ ఏ కట్టు కట్టించుకోవాలన్నా ముందు ఎక్స్‌రే ఉండాలి. లోపల ఏముందో చూడకుండా కట్టే కట్టు ఎవరు కట్టినా చీకట్లో కట్టినట్టే.

ఇక టేపు వాడేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు చెబుతాను. కొత్తగా వాడుతుంటే ముందు రోజు చిన్న ముక్క అతికించి చూడండి. దురద, దద్దురు వస్తే వాడకండి. రంగు టేపు మూలలు గుండ్రంగా కత్తిరించండి, రెండు చివర్లూ రెండు వేళ్ల వెడల్పున ఏమాత్రం లాగకుండా అతికించండి, చెమట పట్టకముందే అర గంట ముందు వేసుకోండి. తీసేటప్పుడు చర్రున లాగకండి. కొబ్బరి నూనె రాసి పది నిమిషాలు ఆగి, ఒక చేత్తో చర్మాన్ని నొక్కి పట్టి, వెంట్రుకల వాలు వైపు మెల్లగా తీయండి. పుండ్ల మీద, కమిలి చితికిన చర్మం మీద వేయవద్దు. పిక్కలో ఉన్నట్టుండి వాపు, వేడి, నొప్పి కలిసి వస్తే టేపు కాదు, వెంటనే డాక్టరు కావాలి. అది రక్తనాళంలో రక్తం గడ్డకట్టడం కావచ్చు.

నిద్రను కూడా మరవకండి. అమెరికాలో 112 మంది బడి క్రీడాకారుల మీద చేసిన పరిశీలనలో, ఎనిమిది గంటల కన్నా తక్కువ నిద్రపోయే పిల్లలకు గాయాలయ్యే అవకాశం 1.7 రెట్లు ఉన్నట్టు తేలింది. తెల్లవారుజామున సాధన, రాత్రి పన్నెండు దాకా ఫోను. ఈ రెండూ కలిస్తే ఏ టేపూ ఆదుకోలేదు.

వ్యాయామ ఉపాధ్యాయ సోదరులకు, సోదరీమణులకు నా మనవి ఇది. మీకు పిల్లలను చూసుకోవడానికి దొరికే సమయం తక్కువ, మైదానాల పరిస్థితీ నాకు తెలుసు. అయినా ఆ సమయంలోంచి 20 నిమిషాలు ఆటకు ముందు వ్యాయామానికి కేటాయించండి. వారానికి రెండుసార్లయినా చేయించండి. బంతి ఇవ్వడానికి ముందు ఒంటికాలి మీద నిలబెట్టండి. పోటీలు నిర్వహించే పెద్దలకూ ఒక మనవి. కప్పులకూ ఫ్లెక్సీలకూ పెట్టే ఖర్చులో కొంత తగ్గించి, బరిలో రాళ్లు ఏరించండి, గుంతలు పూడ్పించండి, పక్కన ఐసు, క్రేప్ బ్యాండేజీలు, గాయాలు తెలిసిన ఒక మనిషిని ఉంచండి.

తల్లిదండ్రులారా, రేపు సాయంత్రం మీ అబ్బాయో అమ్మాయో టేపు చుట్ట కొనడానికి డబ్బులడిగితే కొనివ్వండి, తప్పు లేదు. దాంతోపాటు ఒక్క మాట అడగండి. "ఆట మొదలయ్యే వేళకు 20 నిమిషాల ముందు నువ్వు మైదానంలో ఉంటున్నావా?" అని. ఆ పిల్లల కాళ్లను కాపాడేది ఆ 20 నిమిషాలే.